ఫిలిప్ కాన్వర్స్

ఫిలిప్ కాన్వర్స్ (1928–2014) అమెరికా ఓటర్ల రాజకీయ అభిప్రాయాలపై పరిశోధన చేసిన రాజనీతి శాస్త్రవేత్త. సామాన్య ఓటరు అభిప్రాయాలకు వెనక ఒక భావజాలం ఉంటుందా అన్న ప్రశ్నకు, చాలామంది విషయంలో ఉండదని సర్వేల ఆధారంగా వాదించారు. ఆ వాదం రేపిన చర్చ ఇప్పటికీ సాగుతోంది.

చదువు
న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్‌లో జన్మించారు. డెనిసన్ విశ్వవిద్యాలయంలో బి.ఎ., ఐయోవాలో ఎం.ఎ. చేసింది ఆంగ్ల సాహిత్యంలో. తరవాత దారి మార్చి, 1958లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి సామాజిక మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ పొందారు.

మిషిగన్ సర్వేలు
ఆ విశ్వవిద్యాలయంలో 1946లో ఏర్పడిన సర్వే పరిశోధన కేంద్రం 1948లో ఎన్నికల సర్వేలు మొదలుపెట్టింది. ఆ సమాచారంతో ఆంగస్ క్యాంప్‌బెల్, వారెన్ మిల్లర్, డొనాల్డ్ స్టోక్స్‌లతో కలిసి కాన్వర్స్ 1960లో ‘ది అమెరికన్ వోటర్’ ప్రచురించారు. విధానాల మంచిచెడ్డల కంటే, తరచు తల్లిదండ్రుల నుంచి అబ్బే పార్టీ అభిమానమే ఓటును ఎక్కువగా నడుపుతుందని అది తేల్చింది.

1964 వ్యాసం
సామాన్య ప్రజల విశ్వాస వ్యవస్థలపై 1964లో రాసిన సుదీర్ఘ వ్యాసం ఆయనకు పేరు తెచ్చింది. పార్టీల్లో నచ్చిందేమిటి, నచ్చనిదేమిటి అని అడిగితే, ఉదారవాదం, సంప్రదాయవాదం వంటి కొలతలతో స్పష్టంగా మాట్లాడినవారు 2.5 శాతమే. 42 శాతం మంది ఏ పార్టీ వల్ల ఏ వర్గానికి మేలన్నదే చూశారు. 24 శాతం మంది కాలం బాగుందా, లేదా అన్నదాన్ని బట్టి తీర్పు చెప్పారు. 22.5 శాతం మంది మాటల్లో విధానాల ఊసే లేదు.

1956, 1958, 1960లలో ఒకే మనుషులను మళ్లీమళ్లీ ప్రశ్నించారు. విద్యుత్తు, గృహనిర్మాణం వంటివి ప్రైవేటు వ్యాపారులకు వదిలెయ్యాలా అన్నది ఆ ప్రశ్నల్లో ఒకటి. మనసు క్రమంగా మారుతూ ఉంటే, రెండేళ్ల ఎడంలో కంటే నాలుగేళ్ల ఎడంలో జవాబులు మరింత తేడాగా ఉండాలి. అలా లేవు. ఈ ప్రశ్నపై కొద్దిమందికే స్థిరాభిప్రాయం ఉందని, మిగతావారు బొమ్మా బొరుసూ వేసినట్టు జవాబిచ్చారని ఆయన నిర్ధారించారు.

విమర్శలు
లోపం ఓటరుది కాదు, ప్రశ్నల అస్పష్టతదని క్రిస్టఫర్ ఏకెన్ 1975లో వాదించారు. ఆ సర్వేల తరవాత ఓటరే మారాడని నై, వెర్బా, పెట్రోసిక్ 1976లో రాశారు. మనసులో పరస్పర విరుద్ధమైన ఆలోచనలెన్నో ఉంటాయని, అడిగిన క్షణాన ఏది తడితే అదే జవాబవుతుందని జాన్ జాలర్ 1992లో వివరించారు.

తరవాతి కృషి
రాయ్ పియర్స్‌తో కలిసి ఫ్రాన్స్‌లో రాజకీయ ప్రాతినిధ్యంపై రాసిన గ్రంథం 1986లో వెలువడింది. 1983–84లో అమెరికన్ రాజనీతి శాస్త్ర సంఘానికి అధ్యక్షులుగా, 1989 నుంచి 1994 వరకు స్టాన్‌ఫర్డ్‌లోని ప్రవర్తనా శాస్త్రాల ఉన్నత అధ్యయన కేంద్రానికి డైరెక్టరుగా పనిచేశారు. మిషిగన్ సర్వేలు 1977లో అమెరికా జాతీయ ఎన్నికల అధ్యయనాలుగా రూపుదిద్దుకున్నాయి. పార్టీ అభిమానంపై 1952 నాటి ప్రశ్నను నేటికీ అడుగుతుండడంతో కాన్వర్స్ నిర్ధారణలను కొత్త తరం ఓటర్లపై పరీక్షించే వీలుంది.