హరికథకు మన పందిట్లో చోటు

శ్రీరామనవమి పందిరి అంటే ఒకప్పుడు హరికథే. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరతలు, మెడలో పూలదండతో దాసుగారు నిలబడితే, పక్కన ఫిడేలూ, మృదంగమూ. ఆ ఒక్క మనిషే రాముడు, సీత, మంథర కూడానూ! కీర్తన, పద్యం, వచనం, మధ్యలో కడుపుబ్బ నవ్వించే పిట్టకథ. చదువురాని అమ్మమ్మలకు సైతం రాగాలు చెవిన పడింది ఆ పందిళ్లలోనే.

తెలుగునాట ఈ కళకు గొప్ప పేరు తెచ్చినవారు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945). విజయనగరం మహారాజావారు 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాలు ఆయనే. అయితే రాజుల ఆదరణ ఏ కొద్దిమందికో దక్కింది. తక్కిన దాసులను పోషించింది ఊరి చందాలు, హారతి పళ్లెంలో పడే చిల్లరాను.

ఆ పళ్లెమే వట్టిదైపోయింది. రికార్డులు వేస్తే చవక. సినిమాపాటల ఆర్కెస్ట్రా అయితే కుర్రకారు మూగుతారు. టీవీ వచ్చాక మనమే ఇల్లు కదలడం మానేశాం. (రంగుదీపాల తోరణాలకు మాత్రం డబ్బుకు కొదవ లేదు సుమండీ!)

చెప్పేవాళ్లు లేకపోలేదు. కపిలేశ్వరపురంలోని సర్వరాయ హరికథా పాఠశాలలో ఎందరో ఆడపిల్లలు ఈ విద్య నేర్చుకున్నారు. కోట సచ్చిదానంద శాస్త్రిగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బిరుదులు సరే, పందిళ్ల నుంచి పిలుపులు రావద్దూ? చందా పుస్తకంతో కమిటీవారు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు, "హరికథ ఏ రోజండీ?" అని అడిగి మరీ డబ్బివ్వండి. ఆ రోజు వంట పెందలాడే ముగించి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చోండి.