నోరు తెరిచే పిస్తోలు

సీరియల్ రాసేవాళ్లకి ఉత్తరాలు రావడం కొత్తేమీ కాదు. హీరోయిన్ని చంపొద్దని కొందరు, వాళ్ల అత్తగారిని మాత్రం తప్పకుండా చంపమని కొందరు రాస్తూంటారు. కాని కిందటేడు నా సీరియల్ పద్దెనిమిదో భాగం అచ్చయ్యాక వచ్చిన ఉత్తరం ఒకటి నన్ను నాలుగు రోజులు కుదురుగా కూచోనివ్వలేదు.

ఆ భాగంలో విలన్ హీరోయిన్ మీదికి పిస్తోలు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కుతాడు. 'టిక్' మంటుంది. తూటాలు అయిపోయాయన్నమాట! ఆ 'టిక్' దగ్గర 'సశేషం' పెట్టి, ఆ రాత్రి ఎంత హాయిగా నిద్రపోయానో చెప్పలేను.

ఉత్తరం ప్రకాశం జిల్లా నుంచి. రాసినాయన రిటైరైన హవల్దారు. "అమ్మా, మీ సీరియల్ మా ఆవిడ పైకి చదువుతుంది, నేను వింటాను. అన్నీ బాగున్నాయి గాని, తూటాలు అయిపోయిన పిస్తోలు టిక్కుమనదు. నోరు తెరుచుకుని ఉండిపోతుంది. నోరు తెరిచిన పిస్తోలు చేతిలో పెట్టుకుని ట్రిగ్గరు నొక్కాడంటే మీ విలన్‌కి కళ్లయినా లేకపోవాలి, బుద్ధయినా లేకపోవాలి."

పిస్తోలు నోరు తెరవడమేమిటి? మావారిని అడిగాను. "మా బ్యాంకు కాపలాదారు దగ్గర తుపాకీ ఉంది. అది ఆవలించగా నేనెప్పుడూ చూళ్లేదు" అని పేపరు తిరగేసుకున్నారు.

సంక్రాంతికి అక్కావాళ్లింటికి వెళ్లినప్పుడు విషయం తేలింది. అక్క కొడుకు ఎస్సైగా సెలెక్టయి ట్రైనింగులో ఉన్నాడు. సెలవు మీద వచ్చాడు. ఉత్తరం చూపిస్తే పకపకా నవ్వాడు. వెంటనే మొహం ముడుచుకున్నాడు.

"ఆయన రాసింది అక్షరాలా నిజం పిన్నీ. అన్ని పిస్తోళ్లూ కాకపోయినా, మా దగ్గరున్నలాంటివన్నీ నోరు తెరుస్తాయి. నాకిచ్చిన కొత్తది తప్ప. అదే నా ఏడుపు."

నా కళ్లజోడు పెట్టె తీసుకుని వాడు చెప్పిన పాఠం మీకూ చెబుతాను. పిస్తోలు పైభాగాన వెనక్కీ ముందుకీ జరిగే ఉక్కు తొడుగు ఉంటుంది. దాన్ని స్లైడు అంటారు. పిడిలో తూటాల పెట్టె. దాని పేరు మాగజైన్! (ఇన్నాళ్లూ మాగజైన్ అంటే మన వారపత్రిక ఒక్కటే అనుకుంటున్నాను.) పెట్టె అడుగున స్ప్రింగు, స్ప్రింగు మీద చిన్న పలక, పలక మీద తూటాలు. ఒక తూటా పేలగానే ఆ విసురుకి స్లైడు వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయటికి విసిరేసి, తిరిగి ముందుకొస్తూ పైనున్న కొత్త తూటాను గొట్టంలోకి నెడుతుంది. ఇదంతా రెప్పపాటులో. ఆఖరి తూటా కూడా పోయాక పెట్టెలో మిగిలేది పలక ఒక్కటే. అది పైకొచ్చి, పిస్తోలుకి ఎడమవైపునున్న ఒక చిన్న మీటను పైకి లేపుతుంది. ఆ మీట వెళ్లి స్లైడుకున్న గాడిలో పడుతుంది. స్లైడు వెనకే ఆగిపోతుంది. అదే హవల్దారుగారు చెప్పిన నోరు తెరవడం. అంటే "నా దగ్గర ఇంకేం లేవు, మళ్లీ నింపు" అని పిస్తోలు తనంతట తనే చెప్పడం.

మా అమ్మ కుట్టుమిషను గుర్తొచ్చింది నాకు. బాబిన్లో దారం అయిపోతే ఆ మిషను ఒక్క మాట చెప్పేది కాదు. సూది తన మానాన తను దిగుతూనే ఉండేది, గుడ్డ జరుగుతూనే ఉండేది. మూరెడు కుట్టేశాక గుడ్డ తిప్పి చూస్తే ఒక్క కుట్టూ ఉండేది కాదు. మనకి పోయేది మూరెడు కుట్టు. పిస్తోలు పట్టుకున్నవాడికి పోయేది వేరే.

"ఫైరింగులో ఆరు కాల్చాను పిన్నీ. స్లైడు మామూలుగా ముందుకొచ్చి మూసుకుంది. ఇంకా ఉన్నాయనుకుని గురి చూస్తూ నిలబడ్డాను. నొక్కితే టిక్కుమంది. ఎదురుగా ఉన్నది అట్టబొమ్మ కాబట్టి సరిపోయింది" అన్నాడు వాడు. అరిసెలు పెట్టిన పళ్లెం పట్టుకొచ్చిన అక్క ఆ మాట విని, పళ్లెం బల్లమీద పెట్టి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక నేను లైబ్రరీ మీద పడ్డాను. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో అప్పజెప్పగలను గాని, యుద్ధంలో మనిషి చేతిలో ఉన్న వస్తువు ఎలా పనిచేసేదో ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆఖరి తూటా పోగానే తెరుచుకుని ఉండిపోవడం జర్మనీవాళ్ల 1896 నాటి మౌజరు పిస్తోల్లోనే ఉంది. పది తూటాలు పట్టేది. దాన్ని కొనుక్కున్నవాళ్లలో చర్చిల్ ఒకడు. 1896లో బొంబాయి రేవులో పడవ దిగుతూ, గోడకున్న ఇనప రింగు పట్టుకోబోయి కుడిభుజం జారగొట్టుకున్నాడు. ఆ భుజం మళ్లీ పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. అందుకని 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లో ఓందుర్మాన్ దగ్గర గుర్రాల మీద విరుచుకుపడినప్పుడు, తక్కినవాళ్లు కత్తులతో, ఈటెలతో ఉంటే ఈయన మౌజరు పట్టుకున్నాడు. పది తూటాలూ అయిపోయేసరికి సరిగ్గా గుంపులోంచి బయటపడ్డానని వాళ్లమ్మకి ఉత్తరం రాశాడు. పదకొండోవాడు ఎదురై ఉంటే మన చరిత్ర ఎలా ఉండేదో! బొంబాయి రేవు రింగుని మెచ్చుకోవాలో తిట్టాలో తేలక ఆ పేజీ దగ్గర కాసేపు కూచున్నాను.

ఆ మౌజర్లే మనవాళ్ల చేతికీ వచ్చాయి. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకులోంచి 50 మౌజర్లు, 46,000 తూటాలు బెంగాలు విప్లవకారులు మాయం చేశారు. 1925లో కాకోరీ దగ్గర రైలాపి ప్రభుత్వ సొమ్ము పట్టుకుపోయిన వీరుల దగ్గరున్నవీ మౌజర్లే. ఆ కాకోరీ వీరుల్లో చంద్రశేఖర్ ఆజాద్ ఉన్నాడు. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాను.

ఎడమవైపు మీటతో నోరు తెరిచే పద్ధతిని లక్షలమంది సైనికుల చేతికి అందించిన పిస్తోలు జాన్ మోజెస్ బ్రౌనింగ్ అనే అమెరికావాడిది. 1855లో యూటా ప్రాంతంలోని ఆగ్డెన్‌లో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసే పనివాడు. ముగ్గురు భార్యలు, 22 మంది పిల్లలు. (ఆ ముగ్గురమ్మల గురించి ఎవరైనా పుస్తకం రాశారేమోనని చాలా వెతికాను. దొరకలేదు.) ఈ పిల్లవాడు తండ్రి కొట్లో పారేసిన ముక్కలు ఏరుకుని పదమూడో ఏట తన మొదటి తుపాకీ తయారుచేశాడట.

అమెరికా సైన్యం కొత్త పిస్తోలు కోసం ఏళ్ల తరబడి పోటీలు పెట్టి, చివరికి రెండింటిని మిగిల్చింది. ఒకటి బ్రౌనింగ్ గీసి కోల్ట్ కంపెనీ చేసినది, రెండోది సావేజ్ కంపెనీది. 1911 మార్చిలో ఆఖరి పరీక్ష. ఒక్కొక్క పిస్తోలుతో 6,000 తూటాలు కాల్చాలి. నూరు కాల్చాక చల్లారనివ్వాలి, వెయ్యి కాల్చాక తుడిచి నూనె వెయ్యాలి. సావేజ్ పిస్తోలు 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్‌ది ఒక్కసారి కూడా మొరాయించలేదు. మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. 1985 దాకా అదే వాళ్ల ప్రధాన పిస్తోలు.

దాని బొమ్మ చూస్తూ ఒక సంగతి కనిపెట్టి మావారికి కూడా చూపించాను. స్లైడుని ఆపే ఆ చిన్న మీట ఉందే, దానికో అడ్డకమ్మి ఉంటుంది. ఆ కమ్మే గొట్టాన్ని కింది చట్రానికి పట్టి ఉంచుతుంది. పైకి కనిపించే పని ఒకటి, కనపడకుండా చేసే పని ఇంకొకటి. "ఇంటి కోడలన్నమాట" అన్నాను. ఆయన పేపరు కొంచెం పైకెత్తుకున్నారు.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సులో ఆర్గాన్ అడవుల్లో ఆల్విన్ యార్క్ అనే టెనెసీ రైతుబిడ్డ చేతిలో ఉన్నది ఈ పిస్తోలే. ఆరుగురు జర్మన్లు బాయినెట్లు పట్టుకుని వరసగా అతని మీదికి ఉరికొచ్చారు. అతను అందరికంటే వెనకున్నవాణ్ణి మొదట కాల్చి, అలా ముందుకొచ్చాడు. ముందువాణ్ణి కాలిస్తే వెనకవాళ్లు నేలమీద పడుకుని కాలుస్తారని. అడవికోళ్ల వేటలో నేర్చుకున్న కిటుకట. పిస్తోల్లో పట్టేవి ఏడు తూటాలు, వచ్చినవాళ్లు ఆరుగురు. అలాంటప్పుడు ఎన్ని పేల్చానని లెక్కపెట్టుకునే తీరిక ఎవరికుంటుంది? పాలవాడికి ఎన్ని రోజులకి బాకీ ఉన్నామో నిదానంగా కూచున్నా లెక్క తేలదు మనకి.

బ్రౌనింగ్ 1926లో బెల్జియంలోని లియేజ్ దగ్గర, ఫాక్టరీలో పనిచేస్తూండగానే గుండె ఆగి పోయాడు. సగంలో ఉన్న పిస్తోలుని దీయోదోనే సేవ్ అనే ఆయన పూర్తిచేశాడు. 1935లో వచ్చింది. అందులో పదమూడు తూటాలు. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని కెనడాలో, టొరంటోలోని ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసింది. మగవాళ్లు యుద్ధానికి పోవడంతో ఆ ఫాక్టరీలో ఆడవాళ్లు వేలకొద్దీ చేరారు. తరవాతి రోజుల్లో అదే కంపెనీ బట్టలుతికే మిషన్లు చేసింది! ఆ కెనడా పిస్తోలు నమూనానే బెంగాల్లోని ఇషాపూర్ ఫాక్టరీలో మనవాళ్లు 9 ఎం.ఎం. పిస్తోలుగా చేసి సైన్యానికీ పోలీసులకీ ఇస్తూ వచ్చారు. దానికీ ఎడమవైపునే మీట.

ఇప్పుడు ఆజాద్ దగ్గరికి వస్తాను. ఇదే బ్రౌనింగ్ 1903లో కోల్ట్ కంపెనీకి జేబులో పట్టే చిన్న పిస్తోలు ఒకటి గీసిచ్చాడు. .32 రకం, ఎనిమిది తూటాలు. జేబులోంచి తీసేటప్పుడు బట్టకి తగులుకోకుండా అన్నీ నున్నగా చేశాడు. కాని తూటాలు అయిపోయాయని చెప్పే ఏర్పాటు దానికి లేదు. ఖాళీ అయినా నోరు మూసుకునే ఉంటుంది. అలాంటి పిస్తోలే ఆజాద్‌ది. అలహాబాదు మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెట్టారు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో పోలీసులు చుట్టుముట్టినప్పుడు, తోటివాడైన సుఖదేవ్ రాజ్‌ని తప్పించి పంపి, చెట్టు చాటు నుంచి ఒంటరిగా పోరాడాడు. అప్పటికి ఆయనకి నిండా ఇరవైనాలుగేళ్లు. బతికుండగా పట్టుబడనన్న మాట నిలబెట్టుకుని ఆఖరి తూటా తనకే ఉంచుకున్నాడని దేశమంతా చెప్పుకుంటుంది.

ఈ కథ నేను మూడో క్లాసు నుంచీ వింటున్నాను. వినేటప్పుడు ఎన్నడూ తోచని ప్రశ్న ఇప్పుడు తోచింది. అది ఆఖరిదని ఆయనకెలా తెలుసు? ఆ పిస్తోలు చెప్పదు కదా. తొడలో గుండు దిగి, చుట్టూ తూటాలు చెట్టుబెరళ్లు లేపుతూంటే, ఆ కుర్రవాడు మనసులో ఒకటి, రెండు, మూడు అని ఎంచుకుంటూ ఉండి ఉండాలి. లెక్క ఒక్కటి తప్పితే, తనకోసం ఉంచుకున్నది ఉండదు. ఆ పుస్తకం మూసేసి ఆ రోజింక ఏమీ చదవలేదు.

మావాడి పిస్తోలు సంగతి మరిచిపోలేదు. నెల తిరక్కుండా ఫోను చేశాడు. వాళ్ల ఉస్తాదు వరసగా పరీక్ష పెట్టాడట. ముందు తూటాలన్నీ తీసేసి, గొట్టంలో ఒకటి ఉండిపోలేదని కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూసుకోమన్నాడు. ఆ పని అయ్యేదాకా తక్కిన మాట ఎత్తనివ్వలేదు. స్లైడు మూసుకుంటే నిండుగా ఉన్నట్టని గాని, తెరుచుకుంటే ఖాళీ అని గాని పిస్తోలు మాట నమ్మి ఊరుకోకూడదట. తరవాత ఖాళీ పెట్టె పెట్టి స్లైడు చేత్తో వెనక్కి లాగి చూశారు. చక్కగా ఆగింది. అంటే పలకా మీటా గాడీ బాగానే ఉన్నాయి. పెట్టెలో స్ప్రింగు నీరసంగా ఉందేమోనని ఇంకో పెట్టె మార్చి కాల్చాడు. నోరు తెరవలేదు. తూటాల్లో మందు చాలక స్లైడు పూర్తిగా వెనక్కి పోవడం లేదేమోనని వేరే పెట్టెలోవి ఇచ్చారు. తెరవలేదు. కొత్త పిస్తోలు బిగువుగా ఉంటుందని తుడిచి నూనె వేశారు. ఊహూఁ. మణికట్టు వదులుగా పెట్టినా ఇలా అవుతుందట. బిగించి పట్టుకున్నాడు. అయినా అంతే.

అప్పుడు ఉస్తాదు ఆ పిస్తోలే, ఆ తూటాలే తను తీసుకుని కాల్చాడు. ఆఖరిది పోగానే టక్కున నోరు తెరిచింది.

"ఏమీ అనలేదు పిన్నీ. నా కుడిచేతి బొటనవేలు పట్టుకుని పైకెత్తాడు. అంతే."

బిగించి పట్టుకోవాలన్న పట్టుదలలో మావాడు బొటనవేలు తీసుకెళ్లి సరిగ్గా ఆ ఎడమవైపు మీట మీద ఆనిస్తున్నాడు. పాపం పలక కిందనుంచి లేపుతూనే ఉంది, వీడు పైనుంచి నొక్కేస్తూనే ఉన్నాడు. చెప్పబోయినప్పుడల్లా నోరు మూస్తున్నాడన్నమాట. నెలరోజులు కొత్త పిస్తోలుని తిట్టుకున్నాడు. "అమ్మకి నువ్వే చెప్పు పిన్నీ, ఇప్పుడు బాగానే తెరుస్తోందని" అన్నాడు. చెప్పాను. అక్క, "వేలికేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

నాకు మాత్రం ఆ వేలు వరమైంది. సీరియల్ పుస్తకంగా రాబోతోంది. విలన్ పిస్తోలుని రివాల్వరుగా మార్చెయ్యమని మావాడు సలహా ఇచ్చాడు గాని, ఆ అవసరమే లేదు కదా! వెంటనే ప్రకాశం జిల్లాకి ఉత్తరం రాశాను. "అయ్యా, మీరు చెప్పింది నిజమే. కాని మా విలన్ కొత్తగా పిస్తోలు పట్టినవాడు. బొటనవేలు మీట మీద ఉంచి కాల్చాడు. అందుకని స్లైడు ఆగక మూసుకుంది. తూటాలు అయిపోయిన సంగతి వాడికి తెలీలేదు. నొక్కితే టిక్కుమంది. నేను రాసింది తప్పు కాదేమో చూడండి."

పది రోజుల్లో జవాబు వచ్చింది.

"అమ్మా, చాలా సంతోషం. ఇంత శ్రద్ధగా కనుక్కుంటారనుకోలేదు. మీరు చెప్పినట్టు జరగడానికి వీలుంది. కాని ఏడో భాగంలో మీ విలన్‌ది ఎడమచేతి వాటం అని రాశారు. ఎడమచేత్తో పట్టుకుంటే బొటనవేలు కుడివైపుకి వస్తుంది. మీట ఎడమవైపు గదా! మా ఆవిడ కూడా అదే అంటోంది."