మేడ్చల్ రాతిలో బొగ్గు ఎందుకు లేదు?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో బావి త్రవ్వించినవారికి గ్రానైటు రాయి సంగతి బాగా తెలుసు. కొద్ది లోతు పోగానే గడ్డపార ఖంగుమంటుంది. ఆపైన తూటాలు పేల్చవలసినదే. "ఇంకా లోతుకు త్రవ్వితే మన ఊళ్ళోనూ సింగరేణిలోవలె బొగ్గు పడదా?" అని ఒక విద్యార్థి నన్ను అడిగినాడు. పడదు. ఎందుకు పడదో తెలుసుకొనుట అవసరం. తెలియక త్రవ్వితే డబ్బూ శ్రమా రెండూ వృథా.

బొగ్గు అనగా ఒకనాటి చెట్టుచేమలే. అవి బురదనేలలలో పడి, ఇసుక, మట్టి పొరల క్రింద కోట్ల సంవత్సరాలు అణగి బొగ్గుగా మారినవి. మన గ్రానైటు అట్లా పుట్టినది కాదు. భూగర్భంలో కరగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడగా ఏర్పడినది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అప్పటికి భూమిమీద చెట్టన్నదే లేదు. చెట్టు లేని కాలపు రాతిలో బొగ్గు ఎట్లా ఉంటుంది?

మేడ్చల్ నుండి ఇంచుమించు సూటిగా తూర్పునకు, సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఇల్లందు ఉన్నది. అక్కడి కథ వేరు. గోదావరి లోయలో నేల క్రుంగి, ఏర్పడిన పల్లంలో నదులు తెచ్చిన ఇసుక, మట్టి, వృక్షశేషాలు పొరలు పొరలుగా పేరుకొన్నవి. ఆ బొగ్గు వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాట. బొగ్గున్న ఆ శిలలను బరాకర్ శిలలంటారు. అది ఈశాన్యాన జార్ఖండ్, బెంగాలులలో ప్రవహించే నది పేరు. అక్కడి బొగ్గు శిలలూ ఇవీ ఒకే జాతివి.

భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించినాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందినది. 1889లో త్రవ్వకం మొదలైనది. దగ్గరి పల్లె పేరుమీద 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం అధికభాగం వాటాలను కొన్నది. ఇల్లందును జనం నేటికీ బొగ్గుట్ట అనే పిలుస్తారు.

ఆ బొగ్గు మేడ్చల్‌కు అపరిచితం కాదు. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుండి మన్మాడుకు వేసిన రైలుమార్గం మేడ్చల్ మీదుగానే పోతుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో నిజాం రైల్వేకు సింగరేణి బొగ్గే ముఖ్య ఇంధనం. ఇక్కడి నేలలో లేని బొగ్గు, ఈ విధంగా ఇక్కడి పట్టాల మీద మండినది.

కనుక నేలను త్రవ్వకముందు రాయిని చదవాలి. ఉపాధ్యాయులు విద్యార్థులను ఒకసారి శామీర్‌పేట చెరువు దగ్గరి బండల వద్దకు తీసుకొనిపోయి, ఒక గ్రానైటు ముక్కను, ఒక బొగ్గు పెళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూపించవచ్చును. ఒకదానిలో స్ఫటికాలు మెరుస్తాయి. రెండవదానిలో పొరలు కనబడతాయి. పైన చెప్పిన కథకు ఆ రెండే సాక్ష్యాలు.