రష్ లింబా

రష్ హడ్సన్ లింబా (1951 జనవరి 12 – 2021 ఫిబ్రవరి 17) అమెరికాకు చెందిన రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాత. 1988 నుంచి మరణించేదాకా, సోమవారం మొదలు శుక్రవారం వరకు రోజుకు మూడు గంటల చొప్పున సాగిన ఆయన కార్యక్రమం సంప్రదాయవాద టాక్ రేడియోను ఒక పరిశ్రమగా నిలబెట్టింది. ఆయన ఏ పదవికీ పోటీ చేయలేదు. పాటలు వేసే డిస్క్ జాకీగా నేర్చిన విద్యతోనే రిపబ్లికన్ పార్టీ మాటతీరును మార్చాడు. రాజకీయాన్ని వినోదంగా మలచిన ఆ నేర్పులోనే ఆయన బలమూ ఉంది, ఆయన చేసిన హానీ ఉంది.

తొలి జీవితం

మిస్సోరీ రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డునున్న కేప్ జిరార్డోలో, పేరున్న న్యాయవాదుల కుటుంబంలో పుట్టాడు. తాత, తండ్రి లాయర్లు. పినతండ్రి ఫెడరల్ జడ్జి అయ్యాడు. లింబాకు మాత్రం చదువు మీద మనసు నిలవలేదు. పదహారేళ్లకే ఊళ్లోని కేజీఎంఓ స్టేషన్‌లో ‘రస్టీ షార్ప్’ పేరుతో మైకు ముందు కూర్చున్నాడు. కాలేజీని ఏడాదికే వదిలేసి, 1971లో పిట్స్‌బర్గ్ పక్కనున్న మెకీస్‌పోర్ట్‌కు వెళ్లి ‘జెఫ్ క్రిస్టీ’ పేరుతో పాటల కార్యక్రమాలు నడిపాడు. ఉద్యోగాలు ఎక్కడా నిలవలేదు. 1979లో రేడియోకే దూరమై కాన్సస్ సిటీ రాయల్స్ బేస్‌బాల్ జట్టు కార్యాలయంలో చేరి, టికెట్ల అమ్మకం, ప్రచారం పనుల్లో దాదాపు ఐదేళ్లు గడిపాడు.

శాక్రమెంటో, మారిన నియమం

1983లో కాన్సస్ సిటీలోనే మళ్లీ రేడియోకు వచ్చాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కేఎఫ్‌బీకే స్టేషన్, మోర్టన్ డౌనీ జూనియర్ ఖాళీ చేసిన స్థానాన్ని ఆయనకిచ్చింది. అక్కడ సొంత పేరుతో, సొంత అభిప్రాయాలతో మాట్లాడి ఊరంతటికీ పరిచయమయ్యాడు.

ఈలోగా రెండు మార్పులు ఆయనకు దారి వేశాయి. మొదటిది సాంకేతికం. సంగీతం ఎఫ్‌ఎంలో తేటగా వినిపిస్తుండడంతో పాటల శ్రోతలు అటు మళ్లారు. ఏఎం స్టేషన్లకు తక్కువ ఖర్చులో, మాటలతో నడిచే కార్యక్రమం అవసరమైంది. రెండోది చట్టపరమైనది. వివాదాస్పద ప్రజా సమస్యలపై భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలని 1949 నుంచి ప్రసార సంస్థలను కట్టడి చేసిన ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ను ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1987 ఆగస్టులో ఎత్తేసింది. ఒకే పక్షం వాదనను రోజూ గంటల తరబడి వినిపించడానికి ఇక అడ్డు లేకపోయింది.

జాతీయ ప్రసారం

ఏబీసీ రేడియో మాజీ అధ్యక్షుడు ఎడ్ మెక్లాఫ్లిన్ లింబాను న్యూయార్క్‌కు తీసుకొచ్చాడు. 1988 ఆగస్టు 1న 56 స్టేషన్లతో జాతీయ ప్రసారం మొదలైంది. మధ్యాహ్నం పూట శ్రోతలకు స్థానిక కబుర్లే కావాలని అప్పట్లో పరిశ్రమ నమ్మకం. మెక్లాఫ్లిన్ స్టేషన్ల దగ్గర డబ్బు అడగలేదు. కార్యక్రమాన్ని ఇచ్చి, బదులుగా ప్రకటనల సమయంలో వాటా తీసుకున్నాడు. చిన్న ఊళ్ల స్టేషన్లకు ఇది కలిసొచ్చిన బేరం. కొన్నేళ్లలోనే స్టేషన్ల సంఖ్య 600 దాటింది; వారానికి కోటిన్నర నుంచి రెండు కోట్ల మంది వింటున్నారని అంచనాలు వెలువడ్డాయి. 2008లో కుదిరిన ఎనిమిదేళ్ల ఒప్పందం విలువ దాదాపు 40 కోట్ల డాలర్లు.

కార్యక్రమ తీరు

అతిథులు అరుదు. ప్రిటెండర్స్ బృందం పాటలోని గిటారు వాయిద్యంతో మొదలై, ఎక్కువ భాగం ఆయన ఒక్కడి మాటే సాగేది. చేతిలో కాగితాలు గలగలలాడించడం, బల్ల చరచడం, సరిగ్గా నవ్వు పుట్టే చోట ఆగడం, ప్రత్యర్థులకు మారుపేర్లు పెట్టడం ఆయన పనిముట్లు. ఫోన్ చేసినవాళ్లు పొగడ్తలన్నీ తిరిగి చెప్పకుండా ‘డిట్టో’ అనేసి విషయంలోకి వెళ్లేవారు. అలా అభిమానులకు ‘డిట్టోహెడ్స్’ అన్న పేరు స్థిరపడింది. కొన్ని హోటళ్లు మధ్యాహ్న భోజనం వేళ ఆయన మాటలు వినిపించడానికి ‘రష్ రూమ్’ పేరుతో ప్రత్యేక గదులు కేటాయించాయి. పత్రికలూ టీవీ తమను చిన్నచూపు చూస్తున్నాయనుకున్న లక్షల మందికి, తమ మనసులో మాట తొలిసారి బయట వినపడినట్టయింది.

టెలివిజన్, పుస్తకాలు

1992, 1993లలో వచ్చిన ఆయన రెండు పుస్తకాలూ విపరీతంగా అమ్ముడుపోయాయి. 1992 నుంచి 1996 దాకా అరగంట టెలివిజన్ కార్యక్రమమూ నడిచింది. చెవికి దగ్గరగా పలికే రేడియోలో ఉన్న చనువు తెరమీద కుదరక, దాన్ని ఆపేశాడు. ఆ కార్యక్రమ నిర్మాత రోజర్ ఎయిల్స్ 1996లోనే ఫాక్స్ న్యూస్‌కు సారథి అయ్యాడు.

రాజకీయ ప్రభావం

1992లో అధ్యక్షుడు జార్జ్ బుష్ ఆయన్ని వైట్‌హౌస్‌లో రాత్రి బసకు పిలిచి, సంచీని స్వయంగా మోశాడు. 1994 ఎన్నికల్లో నలభై ఏళ్ల తర్వాత ప్రతినిధుల సభ రిపబ్లికన్ల వశమైనప్పుడు, కొత్తగా గెలిచిన సభ్యులు లింబాను తమ బృందంలో గౌరవ సభ్యుడిగా చేర్చుకున్నారు. 2009లో ఆయన్ని తక్కువ చేసి మాట్లాడిన పార్టీ జాతీయ అధ్యక్షుడు మైఖేల్ స్టీల్ వెంటనే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

వినికిడి, వ్యసనం, వివాదాలు

2001లో ఆయనకు వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. కార్యక్రమం మాత్రం ఆగలేదు. శ్రోతల మాటలను పక్కనున్న సిబ్బంది టైపు చేస్తుంటే, తెరమీద చదివి జవాబిచ్చేవాడు. ఆ ఏడాది చివర్లో కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చాక మళ్లీ కొంత వినగలిగాడు. 2003లో నొప్పి మాత్రలకు బానిసనయ్యానని శ్రోతలకే చెప్పి చికిత్సకు వెళ్లాడు. అదే ఏడాది, నల్లజాతి ఫుట్‌బాల్ క్రీడాకారుడు డొనోవన్ మెక్‌నాబ్‌పై చేసిన వ్యాఖ్యల వల్ల ఈఎస్‌పీఎన్ క్రీడా చానల్‌లో వ్యాఖ్యాత పనిని వీడాడు.

తొలినాళ్లలో ఎయిడ్స్‌తో చనిపోయిన స్వలింగ సంపర్కులను పరిహసించాడు. 2006లో పార్కిన్సన్స్‌తో బాధపడుతున్న నటుడు మైఖేల్ జె. ఫాక్స్ వణుకును అనుకరించాడు. 2012లో గర్భనిరోధక మందులకు బీమా కోరిన లా విద్యార్థినిని అసభ్యంగా నిందించి, ప్రకటనకర్తలు వరసగా తప్పుకోవడంతో క్షమాపణ చెప్పాడు. నవ్వించే ఒడుపు ఎంత గొప్పదైనా, రోగినీ బలహీనుణ్నీ గురిచేసుకున్నప్పుడు అది క్రౌర్యమే.

చివరి రోజులు, వారసత్వం

2020 ఫిబ్రవరి 3న తనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిందని శ్రోతలకు చెప్పాడు. మర్నాడే అధ్యక్షుడు ట్రంప్ ‘ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్’ ప్రకటించగా, కాంగ్రెస్ ఉభయసభల ఎదుట మెలానియా ట్రంప్ దాన్ని ఆయన మెడలో వేసింది. అదే నెలలో కరోనాను మామూలు జలుబుతో పోల్చి మరోసారి విమర్శల పాలయ్యాడు. 2021 ఫిబ్రవరి 17న, కార్యక్రమం మొదలయ్యే వేళకు భార్య కేథరిన్ మైకు ముందుకు వచ్చి ఆయన మరణవార్త చెప్పింది.

ఆ జూన్ నుంచి ప్రసార సంస్థ ఆ మూడు గంటలను క్లే ట్రావిస్, బక్ సెక్స్‌టన్ అనే ఇద్దరికి అప్పగించింది. ఒకే పక్షం కోసం ఒకే గొంతు గంటల తరబడి మాట్లాడే పద్ధతి అప్పటికే టీవీ చానళ్లకూ పాడ్‌కాస్ట్‌లకూ పాకి, అమెరికా రాజకీయాలకు రోజువారీ భాష అయిపోయింది.