భాలుబాసా చనాచూరు

ఎలుగుబంటిని హిందీలో భాలు అందురు. బాసా యనగా నివాసము. జంషెడ్‌పురమున సాక్చీకి చేరువనున్న భాలుబాసా పేటకు ఈ పేరు తగినదే యని, ఒకప్పుడు సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమప్రాంతమంతయు సాలవృక్షముల యడవియు, చిన్న పల్లెలును అని తెలిసినవారు ఒప్పుకొందురు. ఇప్పుడచట ఎలుగులు లేవు. భాలుబాసా యనగానే ఆ ఊరివారికి స్మరణకు వచ్చునది చనాచూరు. అందునను ఫకీరా చనాచూరు.

ఆ నగరపు ఉక్కుచరిత్ర తారీఖులతో సహా లభించును. 1907 ఆగస్టు 26వ తేదీన కంపెనీ ఏర్పడినది. 1908లో కట్టడములు మొదలైనవి. 1911 డిసెంబరులో కొలిమి నుండి మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరి 16వ తేదీన మొదటి ఉక్కుదిమ్మ వెలువడెను. 1919 జనవరి 2వ తేదీన వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు సాక్చీకి జంషెడ్‌పూరని నామకరణము చేయగా, కాళీమాటి స్టేషను టాటానగరమైనది. స్థలమును వెదకిన పెరిన్, వెల్డు, శ్రీనివాసరావు గారల పేర్లు గ్రంథములకెక్కినవి. బాండీలో నూనె కాచి సందు మొగదల కూర్చున్నవాని పేరు మాత్రము ఏ నివేదికయు వ్రాసికొనదు. అతని చరిత్ర తిన్నవారి నాలుకమీదనే యుండును.

ఉక్కుపురమునకు ఎందరో వచ్చిరి. సంతాలులు, హోలు ఆ నేలవారే. బీహారీలు, వంగీయులు, ఒరియావారు, పంజాబీలు, తమిళులు పనికొరకు చేరిరి. బెంగాల్ నాగపూరు రైలుమార్గము వాల్తేరును ఖరగ్‌పూరుతో కలిపినందున శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపుల నుండి తెలుగువారును ఆ దారిననే తరలిరి. బిష్టుపూరునందలి ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి రాకకు గుర్తుగా నిలిచి యున్నది. ఇందరి వంటలు వేరు, పండుగలు వేరు. ఒకరి ఇంటి పులుసు వేరొకరికి సరిపడదు. చనాచూరు మాత్రము ఎవరింటి వంటయు కాదు గనుక అందరిదీ అయినది.

చనా యనగా శనగ. చూరు అనగా నలిపినది. పేరు ఇంత సులువైనను పని సులువు కాదు. శనగపప్పు, పెసరపప్పు నానబెట్టి, గుడ్డపై ఆరబోసి, తడి పూర్తిగా పోయిన తరువాతనే నూనెలో వేయవలెను. తడి మిగిలినచో నూనె చిందును, పప్పు లోపల గట్టిపడును. శనగపిండిని చిల్లుల పళ్లెము మీద నొక్కి కాగిన నూనెలోనికి సన్నని పోగులుగా దించుదురు. వేరుశనగలు, అటుకులు విడివిడిగా వేగును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాక. ఉప్పు, కారము, నల్ల ఉప్పు, మామిడి ఒరుగుల పొడి వేడి తగ్గకముందే చల్లవలెను, చల్లారినచో అంటవు. మూటకట్టుట మాత్రము పూర్తిగా చల్లారిన తరువాతనే. తొందరపడినవాని సరకు మరునాటికే మెత్తబడును. మన మిక్చరులో కరివేపాకు వాసన ముందు వచ్చును. చనాచూరులో పులుపు ముందు వచ్చి కారము వెనుక వచ్చును. ఏది మేలని వాదించుట వృథా. అయినను తెలుగిండ్లలో ఆ వాదము ఆగినది లేదు.

కర్మాగారమునకు రాత్రియు పగలే. మూడు వంతులుగా పనిచేయువానికి భోజనవేళ నిలకడగా ఉండదు. విస్తరి అక్కరలేనిది, చెడనిది, గుప్పెడు మరమరాలలో కలిపినచో కడుపు నింపునది అతనికి కావలెను. ఇటలీ దేశమున నేపుల్సు నగరపు పిజ్జా చేయువాడును ఇటువంటి పేదవాడలకే వండినాడు. ఈనాడు తిని ఎనిమిది దినములకు సొమ్ము చెల్లించు వాడుక అచట నుండెడిది. 1889లో ఎస్పోజిటో అనువాడు మార్గరీటా రాణికి వండి పెట్టెనను కథ లోకమంతట వ్యాపించినది గాని, దానికి ఆధారముగా చూపు లేఖను చరిత్రకారులు కొందరు శంకించుచున్నారు. రాణి తిన్నను తినకున్నను ఆ వాడల ఆకలి నిజము. 2017లో యునెస్కో నేపుల్సు పిజ్జా విద్యను మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చెను. భాలుబాసా బాండీకి అట్టి పత్రము లేదు. దానికై అచట ఎవరును ఎదురుచూచుట లేదు.

పట్టిక కన్న గట్టి సాక్ష్యము మరొకటి గలదు. జంషెడ్‌పురమున కంపెనీ క్వార్టరు ఉద్యోగమున్నంతకాలమే. పదవీవిరమణ నాడు పిల్లలు పుట్టిన గదికి, నాటిన మామిడిచెట్టుకు తాళము వేసి చెవి అప్పగించి రావలెను. క్వార్టర్ల జీవితమెరిగిన కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. చెట్టు రాదు, గోడ రాదు. ఆ ఊరు 2000 నవంబరు 15వ తేదీన బీహారు విడిచి ఝార్ఖండునకు చెందినది. రాష్ట్రము పేరు కూడ మారినది. విశాఖలోనో, హైదరాబాదులోనో స్థిరపడిన కుటుంబము టాటానగరము పోవు బంధువును అడుగునది ఒక్కటే: రెండు పొట్లములు తెమ్మని.

పొట్లము వచ్చిననాడు పెద్దలు దానిని వెంటనే విప్పరు. ముందుగా వాసన చూతురు. తరువాత ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండి, మరమరాలలో కలిపి, ఆ సందులో దుకాణము ఏ వైపున నుండునో మనుమలకు చేతితో చూపుదురు. కరివేపాకు లేదేమని పిల్లలడుగుదురు. అమ్మమ్మ నవ్వి, ఇది మిక్చరు కాదురా అని రెండవ గుప్పెడు వారి చేతిలో పోయును.