అప్పుపత్రం మీద వేలిముద్ర: భగేలా నుంచి 1982 తీర్పు వరకు

కటిక పేదరికాన్ని సాధారణంగా ఆదాయపు లెక్కలతో కొలుస్తారు. తెలంగాణ గ్రామీణ చరిత్రలో దానిని వేరొక గుర్తుతో పోల్చుకోవచ్చు. తాకట్టు పెట్టడానికి భూమిగాని, పశువుగాని, వెండి కడియంగాని లేని మనిషి తన ఒంటి కష్టాన్నే, ఒక్కొక్కప్పుడు బిడ్డ కష్టాన్ని కూడా తాకట్టు పెట్టిన స్థితి అది.

నిజాం రాజ్యంలో వెట్టి, భగేలా అనేవి తరచు కలిపి వినిపించే మాటలే అయినా అవి రెండూ ఒకటి కావు. గ్రామంలోని చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వారి చేత దొరలు, సర్కారు అధికారులు ప్రతిఫలం లేకుండా చేయించుకున్న చాకిరి వెట్టి. భగేలా అప్పుతో మొదలవుతుంది. పెండ్లికో, చావుకో, కరువునాటి గింజలకో తీసుకున్న చిన్న మొత్తానికి బదులుగా మనిషి దొర పొలంలో చేరతాడు. అతని కష్టం వడ్డీకింద జమ అవుతుంది, అసలు తరగదు. తండ్రి పోతే కొడుకు ఆ స్థానంలోకి వస్తాడు. వీరిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. ‘బాంచెన్ దొరా, కాల్మొక్త’ అన్న సంబోధన ఈ వ్యవస్థ భాష. తనను తాను బానిసగా చెప్పుకొన్న తరువాతనే మనిషి తన అవసరాన్ని నోటితో చెప్పుకోగలిగేవాడు. అందువల్ల భగేలా నష్టాన్ని కూలి లెక్కతో మాత్రమే అంచనా వేయడం సరికాదు.

రాజ్యం దీనిని చూసిన తీరు గమనించదగినది. 1936లో హైదరాబాదు ప్రభుత్వం తెచ్చిన శాసనం పేరే భగేలా ఒప్పందాల నియంత్రణ. అంటే దాస్యాన్ని ఒప్పందంగా గుర్తించి, దానికి హద్దులు గీయడం. బ్రిటిషు ఇండియా ఈ విషయంలో ఇంకా కఠినంగా ఉండేది. బయానా తీసుకొని పని మానిన కూలివానిని 1859 నాటి ఒక చట్టం నేరస్థునిగా చూసింది. రెండింటి వెనుకా ఉన్న భావన ఒక్కటే: వేలిముద్ర వేశాడు కనుక ఇష్టపడ్డాడు. ఆకలితో ఉన్నవాని ఇష్టానికి ఎంత విలువ అన్న ప్రశ్న ఆ శాసనాలకు తట్టలేదు.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభలు, 1944 భువనగిరి సభ తరువాత వామపక్ష నాయకత్వం, 1946 నుంచి సాగిన సాయుధ పోరాటం వెట్టిని గ్రామాలలోనే ఎదిరించాయి. ఆ పోరాట చరిత్రలో వెట్టికి దక్కిన చోటు అప్పుబానిసకు అంతగా దక్కలేదు.

రాజ్యాంగం 23వ అధికరణం బేగారును, నిర్బంధ శ్రమను నిషేధించింది. శిక్షలు విధించే చట్టాన్ని చేసే అధికారాన్ని, బాధ్యతను 35వ అధికరణం పార్లమెంటుకు అప్పగించింది. ఆ పనికి పాతికేళ్లు పట్టింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చాయి. పౌరహక్కులు స్తంభించిన అత్యవసర పరిస్థితిలోనే ఈ హక్కుకు చట్టరూపం రావడం చరిత్రలోని వైచిత్రి. ఆ చట్టం రెండవ సెక్షను వివరణలో దేశమంతటా ఉన్న నిర్బంధ శ్రమరూపాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. భగేలా, జీత, పాలేరు, వెట్టి అక్కడ ఉన్నాయి. పత్రం లేకపోయినా ఆచారాన్నిబట్టి వీటి వెనుక అప్పు ఒప్పందం ఉన్నట్లే భావించాలని చట్టం చెబుతుంది. ఆరవ సెక్షను ఆ అప్పును రద్దు చేసింది. పదిహేనవ సెక్షను ప్రకారం, అది వెట్టి అప్పు కాదని నిరూపించవలసినవాడు అప్పిచ్చినవాడే. 1936 నాటి శాసనదృష్టి ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ చట్టాన్ని కాగితం మీదనుంచి వాడలోకి తీసుకుపోవడానికి శ్రమించిన అధికారులలో ఎస్.ఆర్.శంకరన్ పేరు ముందు చెప్పవలసి ఉంటుంది.

అయినా ‘ఇష్టం’ అన్న ప్రశ్నకు సమాధానం 1982 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల నిర్మాణాలలో పనిచేసిన కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస వేతనం. అందులో ఒక రూపాయిని జమాదార్లు కమీషనుగా పట్టుకొనేవారు. ఇది కార్మిక చట్టాల ఉల్లంఘనే తప్ప ప్రాథమిక హక్కుల సమస్య కాదని ప్రభుత్వం వాదించింది. జస్టిస్ పి.ఎన్.భగవతి ధర్మాసనం అంగీకరించలేదు. నిర్బంధం కర్రతోనో, చట్టంతోనో మాత్రమే రాదని, వేరే దారి లేని ఆకలి కూడా నిర్బంధమేనని, కనీస వేతనం కన్న తక్కువకు చేసే పని 23వ అధికరణం కిందికి వచ్చే నిర్బంధ శ్రమేనని తీర్పు చెప్పింది. పేదరికం హక్కుల ఉల్లంఘనకు నేపథ్యం మాత్రమే అన్న అవగాహన అక్కడ మారింది. అది బలప్రయోగానికి సాధనంగా గుర్తింపు పొందింది.

ఆ తీర్పు పాలమూరుకు బాగా తెలిసిన అనుభవాన్ని తాకింది. దేశం నలుమూలలా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు లేబరును ఊరి నుంచి కదిలించినది గుంపు మేస్త్రి ముందుగా చేతిలో పెట్టిన అడ్వాన్సే. మేస్త్రి దొర కాడు, తరచు అదే ఊరివాడు. భగేలాలో మనిషి ఊరికి కట్టుబడ్డాడు, ఇక్కడ ఊరికి దూరంగా కట్టుబడ్డాడు. కాంట్రాక్టు కూలీలను, అంతర్రాష్ట్ర వలస కూలీలను వెట్టి నిర్వచనంలో స్పష్టంగా చేర్చుతూ 1985లో చట్టాన్ని సవరించారు.