చిగురు కింద మిల్లీమీటర్ల లెక్క

పళ్లన్నీ ఊడిపోయాక దవడ ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. పంటి వేళ్లను పట్టుకోవడానికి పెరిగిన ఎముక, ఆ వేళ్లే లేకపోతే మెల్లగా కరిగిపోతుంది. పెదవులు లోపలికి పోతాయి, గడ్డం ముక్కువైపు జరుగుతుంది. బోసినోటి తాత బొమ్మ గీసేవాళ్లకు బాగా తెలిసిన పోలికలివి. కట్టుడు పళ్లు పెట్టుకున్నవాళ్లను పాతికేళ్ల పాటు పరిశీలించిన లెక్కలను పరిశోధకురాలు ఆంట్యే టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించారు. మొదటి ఏడాది ఎముక వేగంగా తగ్గుతుంది. తర్వాత వేగం మందగిస్తుందే గానీ తరుగు ఆగదు. కింది దవడలో నష్టం పై దవడ కంటే సుమారు నాలుగు రెట్లు. మొదట్లో చక్కగా కూర్చున్న పళ్ల సెట్టు కొన్నేళ్లకు వదులై, నమిలినప్పుడల్లా చిగురును ఒరుసుకోవడానికి కారణం ఇదే.

ఆ తరుగుకు అడ్డుకట్ట వేసే దారి ఒక కుందేలు కాలిలో దొరికింది.

1950ల ఆరంభంలో స్వీడన్‌లోని లుండ్‌లో పరిశోధకుడు పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ ఎముక మజ్జలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలనుకున్నారు. అందుకోసం టైటానియంతో చేసిన చిన్న పరికరాన్ని కుందేలు కాలి ఎముకలో అమర్చి, సూక్ష్మదర్శినితో గమనించేవారు. పని పూర్తయ్యాక తీయబోతే అది రాలేదు. ఎముక లోహాన్ని అంటిపెట్టుకుని పెరిగిపోయింది. ఈ అతుకుకు ఆయన ఆసియో ఇంటిగ్రేషన్ అని పేరు పెట్టారు. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో నాలుగు టైటానియం మరమేకులు బిగించారు. పుట్టుకతోనే దవడ లోపం ఉన్న మనిషి ఆయన. 2006లో కన్నుమూసేదాకా, అంటే 40 ఏళ్లకు పైగా, ఆ మేకులు పనిచేశాయి.

దంతవైద్య లోకం దీన్ని వెంటనే నమ్మలేదు. అప్పటికి వాడుకలో ఉన్న ఇంప్లాంట్ల (దవడలో నాటే కృత్రిమ పంటి వేళ్ల) చుట్టూ ఎముకకు బదులు పీచులాంటి కణజాలం ఏర్పడేది, అవి కొద్దిగా కదిలేవి. 1978లో అమెరికాలోని హార్వర్డ్‌లో కూర్చున్న నిపుణులు పెట్టిన కొలబద్ద చూస్తే ఆనాటి ఆశలు ఎంత చిన్నవో తెలుస్తుంది. ఇంప్లాంట్ ఎత్తులో మూడో వంతు దాకా ఎముక పోయినా సరే, 75 శాతం రోగుల్లో ఐదేళ్లు పనిచేస్తే విజయమే అన్నారు.

బ్రోనెమార్క్ గోథెన్‌బర్గ్ బృందం మాత్రం మిల్లీమీటర్లలో లెక్క చెప్పింది. 1981లో ప్రచురించిన 15 ఏళ్ల నివేదికలో 371 మంది రోగులు, 410 బోసి దవడలు, 2,768 ఇంప్లాంట్లు ఉన్నాయి. గాయం మానే కాలం, ఇంప్లాంట్ల మీద పళ్ల వరుస (బ్రిడ్జి) బిగించాక మొదటి ఏడాది కలిపి సగటున 1.5 మిల్లీమీటర్ల ఎముక తగ్గింది. ఆ తర్వాత ఏడాదికి 0.1 మిల్లీమీటరు మాత్రమే. అంత సన్నని కొలతకు మరమేకే స్కేలుగా పనికొచ్చింది. దాని మర చుట్ల మధ్య దూరం 0.6 మిల్లీమీటరు. ఎక్స్‌రేలో ఎముక పైకి ఎన్ని చుట్లు తేలాయో లెక్కపెడితే చాలు. తొలి ఏడాది రెండున్నర చుట్లు, ఆపైన ఆరేళ్లకు ఒక చుట్టు. 1982లో టొరంటో సమావేశంలో ఈ ఫలితాలు విన్నాక ఉత్తర అమెరికా మనసు మార్చుకుంది. 1986 నాటికి ప్రమాణమే మారింది: మొదటి ఏడాది దాటాక ఏటా 0.2 మిల్లీమీటరుకు మించి ఎముక తగ్గకూడదు.

ఎముక సంగతి ఇలా తేలింది గానీ, చిగురు కథ వేరు. సహజమైన పంటి చుట్టూ చిగురు పోగులు వేరులోకి అడ్డంగా నాటుకుని గట్టిగా పట్టుకుంటాయి. టైటానియం మీద అవి నాటుకోలేవు, లోహం పక్కనే నిలువుగా సాగుతాయి. గోథెన్‌బర్గ్‌లోనే 1991లో బీగిల్ కుక్కలపై చేసిన పరిశీలనలో ఈ తేడా స్పష్టంగా కనబడింది. మరుసటి ఏడాది ఇంకో ప్రయోగంలో పాచి పేరుకునేలా చేసి చూశారు. పంటి దగ్గర వాపు ఎముకకు ఇవతలే ఆగింది. ఇంప్లాంట్ దగ్గర ఎముకలోకే దిగింది.

తొలినాటి బ్రిడ్జి ఆకారం వెనుక ఉన్న ముందుచూపు ఇక్కడే అర్థమవుతుంది. దాన్ని చిగురుకు ఆనించకుండా కొన్ని మిల్లీమీటర్లు ఎత్తులో నిలిపేవారు. కింద బ్రష్ దూరాలి, పాచి కడిగేయాలి. చూడ్డానికి అందంగా ఉండేది కాదు. పై దవడలో అయితే ఆ సందులోంచి గాలి పోయి మాట తేడాగా వచ్చేది. రోగులు అడిగింది నిండైన నవ్వు. దాంతో గులాబీ రంగు కృత్రిమ చిగురు వచ్చింది, ఖాళీ మూసుకుపోయింది.

లిస్బన్‌లో పాలో మాలో 1998లో మొదలుపెట్టి 2003లో ప్రచురించిన నాలుగు ఇంప్లాంట్ల పద్ధతి ఈ చికిత్సను లక్షల మందికి చేరువ చేసింది. వెనక రెండింటిని 45 డిగ్రీల దాకా ఏటవాలుగా దించితే పైన సైనస్, కింద నరం తప్పించుకోవచ్చు. చాలామందికి ఎముక అతుకు వేసే పని తప్పుతుంది. నెలల తరబడి ఆగకుండా గంటల్లోనే పళ్లు బిగించవచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు. అయితే నవ్వినప్పుడు చిగురుకూ బ్రిడ్జికీ మధ్య అతుకు కనబడకూడదని, బ్రిడ్జికి చోటు చాలాలని, ఉన్న ఎముకనే కొన్ని మిల్లీమీటర్లు చెక్కాల్సిన సందర్భాలూ వచ్చాయి. పదో వంతు మిల్లీమీటరు కోసం పదిహేనేళ్లు లెక్కరాసిన వైద్యంలో ఇది చిన్న మార్పు కాదు. చెక్కిన ఎముక తిరిగి రాదని రోగికి ముందే విడమరిచి చెప్పి తీరాలి.

2017లో షికాగోలో సమావేశమైన నిపుణులు జబ్బుకు హద్దులు గీశారు. వాపు చిగురుకే పరిమితమైతే మ్యూకోసైటిస్, శుభ్రం చేస్తే తగ్గుతుంది. ఎముక కూడా పోతుంటే పెరి-ఇంప్లాంటైటిస్. పాత ఎక్స్‌రే ఏదీ లేనివాళ్లలో రక్తం లేదా చీము, చిగురు సందులో కనీసం 6 మిల్లీమీటర్ల లోతు, కనీసం 3 మిల్లీమీటర్ల ఎముక నష్టం కలిసి కనబడితే ఆ జబ్బేనని తేల్చారు. అప్పటికే ఐదు మర చుట్లు బయటపడినట్టు. అందుకే బ్రిడ్జి బిగించిన రోజుల నాటి ఎక్స్‌రేని రోగి ఇంట్లో భద్రంగా దాచుకోవాలి.

పరీక్ష రోజున వైద్యుడు అవసరమనుకుంటే స్క్రూలు విప్పి బ్రిడ్జిని దించుతాడు. దాని అడుగున గార పట్టిందా, మేకు చుట్టూ చిగురు లేత గులాబీ రంగులో బిగుతుగా ఉందా, ఎర్రగా ఉబ్బి తాకగానే రక్తం చిమ్ముతోందా అని చూస్తాడు. ఆ తర్వాత కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి, పైనుంచి ఒక్కొక్క మర చుట్టునూ లెక్కపెడతాడు.